సెకండ్‌హ్యాండ్ చక్ ఎక్కింది కానీ షోల్డర్‌కి ఆనడం లేదు, అలాగే వాడొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీది పాత చెక్క లేత్, అంటే చెక్కని తిప్పుతూ కోసే మిషన్. దాని స్పిండిల్ (చక్ ఎక్కించే, తిరిగే ఇరుసు) థ్రెడ్ వ్యాసం వెర్నియర్‌తో కొలిస్తే 25.3 మి.మీ. వచ్చింది. ఎవరో వాడి అమ్మేసిన స్క్రోల్ చక్ కొన్నారు, అంటే నాలుగు జాలు (దవడలు) ఒకేసారి కదిలి చెక్కని పట్టుకునేది. చేత్తో తిప్పితే సాఫీగా ఎక్కుతోంది, చివర్లో గట్టిగా బిగుసుకుంటోంది. కానీ చక్ వెనక అంచుకీ స్పిండిల్ షోల్డర్‌కీ మధ్య 3 మి.మీ. సందు మిగిలిపోతోంది. "టైట్‌గానే ఉంది కదా, ఇలాగే వాడేస్తే ఏమవుతుంది? లేకపోతే అడాప్టర్ కొనాలా?" అని అడిగారు.

అలా వాడొద్దు. అడాప్టర్ (ఒక థ్రెడ్‌ని ఇంకో థ్రెడ్‌కి కలిపే ముక్క) కూడా అక్కర్లేదు. ఆ సందు ఎందుకు మిగిలిందో ముందు కనుక్కోండి. కొన్నిసార్లు శుభ్రం చేస్తేనే పోతుంది. పోకపోతే ఇన్సర్ట్ (చక్ వెనక ఉండే థ్రెడ్ బుష్) వెనక రంధ్రాన్ని కాస్త బోర్ చేయించడమో, అంటే వెడల్పు చేయించడమో, ఒక రింగ్ వేయడమో సరిపోతుంది. చక్‌ని అప్పుడే తిరిగి అమ్మేయకండి.

థ్రెడ్ బిగిసింది కాబట్టి చక్ ఫిట్ అయిపోయినట్టే అని చాలామంది అనుకుంటారు. చక్‌ని వెనక్కి లాగి పట్టుకోవడం వరకే థ్రెడ్ పని. దాన్ని నిటారుగా నిలబెట్టేది షోల్డర్, అంటే థ్రెడ్ అయిపోయాక స్పిండిల్ ఒక్కసారిగా లావయ్యే చోట ఉండే చదునైన ముఖం. ఏ థ్రెడ్‌లోనైనా కొంత వదులు ఉంటుంది, లేకపోతే అది తిరగనే తిరగదు. చక్ వెనక ముఖం షోల్డర్‌కి చుట్టూ సమంగా ఆనితే ఆ వదులు ఎటూ పోవడానికి వీలుండదు. ఆనకపోతే చక్ ప్రతిసారీ ఒక్కో పక్కకి ఒరిగి బిగుస్తుంది. ఈ రోజు బాగానే తిరుగుతుంది, రేపు విప్పి మళ్లీ ఎక్కిస్తే ఊగుతుంది. ఉలి తగిలినప్పుడల్లా బరువంతా థ్రెడ్ అంచుల మీదే పడుతుంది. పాత లేత్‌లో స్పిండిల్ థ్రెడ్ పాడైతే రిపేరు మామూలు విషయం కాదు, స్పిండిల్ బయటికి తీయాలి.

ఎంత తేడా వస్తుందో ఒక లెక్క చూడండి. షోల్డర్ వ్యాసం 40 మి.మీ. అనుకుందాం. దాని ఒక పక్కన 0.1 మి.మీ. మందం ఉన్న రజను ఇరుక్కుంటే చాలు, అక్కడి నుంచి 200 మి.మీ. ముందుకి వెళ్లేసరికి అర మిల్లీమీటరు పక్కకి జరుగుతుంది. కాగితం మందమంత చెత్తకే ఇంత తేడా. మీ దగ్గర అసలు ఆనడమే లేదు.

సందు ఎందుకు మిగిలింది?

కారణాలు నాలుగు ఉండొచ్చు. మీరు చెప్పిన లక్షణాలకి మొదటి రెండే ఎక్కువ సరిపోతాయి.

ఒకటి, రిజిస్టర్. స్పిండిల్ మీద థ్రెడ్‌కీ షోల్డర్‌కీ మధ్య చుట్లు లేకుండా నున్నగా ఉండే చిన్న భాగం అది. పాత లేత్‌లలో ఇది చాలావాటికి ఉంటుంది, పొడవు 3 మి.మీ. నుంచి 6 మి.మీ. వరకు నేను చూశాను. దాని వ్యాసం థ్రెడ్ పైవ్యాసమంతో, అంతకంటే కొంచెం ఎక్కువో ఉంటుంది. చక్ వెనక రంధ్రంలో థ్రెడ్ అంచు దాకా వచ్చేస్తే, ఆ చుట్లు రిజిస్టర్‌కి తగిలి అక్కడే ఆగిపోతాయి. గట్టిగా బిగిసినట్టు చేతికి అనిపిస్తుంది కానీ అది షోల్డర్ బిగువు కాదు.

రెండు, స్పిండిల్ ముక్కు పొడవు. చక్ లోపల రంధ్రం లోతు తక్కువై స్పిండిల్ ముక్కు ఎక్కువ పొడవుంటే, ముక్కు లోపలి గోడకి తన్నుకుంటుంది.

మూడు, చివరి చుట్టులో బర్. ఎవరో గ్రబ్ స్క్రూని (తల లేని చిన్న స్క్రూని) నేరుగా థ్రెడ్ మీద బిగించి ఉంటే అక్కడ లోహం పైకి లేస్తుంది. నాలుగు, చెత్త. పచ్చి చెక్క జిగురు, రజను కలిసి థ్రెడ్ మూలల్లో గట్టిపడతాయి. పైకి నల్లటి మరకలా కనిపిస్తుంది, సూదితో గీరితేనే పొరలుగా ఊడుతుంది. ఒకాయన తన చక్ ఎక్కించిన ప్రతిసారీ ఒక్కో రకంగా ఊగుతోందని నాకు చూపించారు. డయల్ గేజ్ (ఊగుడు ఎంతో ముల్లుతో చూపించే పరికరం) పెట్టే అవసరం కూడా రాలేదు. ఇన్సర్ట్ ఆఖరి చుట్టులో పిప్పరమెంటు బిళ్లలా గట్టిపడిన బంక ముక్క దొరికింది, అది తీశాక ఊగడం ఆగింది.

కాబట్టి ముందు శుభ్రం చేయండి. పాత టూత్‌బ్రష్, కిరోసిన్ లేదా వైట్ స్పిరిట్ సరిపోతాయి. స్పిండిల్ థ్రెడ్‌లోకి మందపాటి నూలు దారం వేసి, రెండు కొసలూ పట్టుకుని లేత్‌ని చేత్తో తిప్పండి, మూలల్లోని మురికంతా బయటికి వచ్చేస్తుంది. మోటారు ఆన్ చేసి మాత్రం ఈ పని చేయొద్దు, దారంతో పాటు వేలు కూడా పోతుంది.

శుభ్రం చేశాక కూడా సందు అంతే ఉందా? ఇప్పుడు మార్కర్ పెన్ తీసుకోండి. స్పిండిల్ ముక్కు కొసకీ, రిజిస్టర్ చుట్టూ రంగు పూయండి. ఆరాక చక్ ఎక్కించి, ఆగేదాకా చేత్తో బిగించి విప్పండి. రిజిస్టర్ మొదట్లో రంగు రింగులా గీరుకుపోతే కారణం రిజిస్టరే. ముక్కు కొస మీద చెరిగితే పొడవు సమస్య. రెండు చోట్లా చెరిగితే రెండూ ఉన్నట్టు.

కొలతతో కూడా సరిచూడండి. వెర్నియర్ తోకతో షోల్డర్ నుంచి ముక్కు కొస దాకా పొడవు తీసుకోండి. తర్వాత చక్ వెనక ముఖం నుంచి రంధ్రం అడుగు దాకా లోతు కొలవండి. లోతు కంటే పొడవు 3 మి.మీ. ఎక్కువ వస్తే ఇక అనుమానం లేదు.

ఎవరూ పెద్దగా పట్టించుకోని ఇంకో దారి ఉంది. మీ లేత్‌తో వచ్చిన పాత ఫేస్‌ప్లేట్ (చెక్కని స్క్రూలతో బిగించే పళ్లెం) ఉంటే తిరగేసి చూడండి. అది షోల్డర్‌కి సరిగ్గా ఆనుతుంది కదా. దాని వెనక రంధ్రం మొదట్లో కొన్ని మిల్లీమీటర్ల మేర చుట్లు లేకుండా వెడల్పుగా బోర్ చేసి ఉంటుంది. రిజిస్టర్ కూర్చోవడానికి లేత్ తయారుచేసినవాళ్లే వదిలిన చోటు అది. దాని వ్యాసం, లోతు కొలిచి రాసుకుంటే మీ చక్‌కి ఏం చేయించాలో అక్కడే తెలిసిపోతుంది.

ఏం చేయించాలి?

రిజిస్టర్ సమస్య అయితే చక్ వెనక అంతే వెడల్పు, అంతే లోతు బోర్ చేయించాలి. మీ చక్ వెనక ఒక ఉక్కు బుష్ విడిగా బిగించి ఉంటే దాన్నే ఇన్సర్ట్ అంటారు. అదే అయితే పని సులువు, ఇన్సర్ట్ ఒక్కటే విప్పి మిషన్ షాపుకి తీసుకెళ్లొచ్చు. విప్పేముందు దాన్ని పట్టి ఉంచే చిన్న గ్రబ్ స్క్రూ ఎక్కడుందో వెతకండి. పాత చక్‌లలో అది దుమ్ముతో పూడిపోయి కనిపించదు. అది తీయకుండా పెద్ద స్పానర్ వేసి గుంజితే ఇన్సర్ట్ థ్రెడ్ చెడుతుంది. థ్రెడ్‌లాక్ (థ్రెడ్‌ని అంటించే జిగురు) పోసి బిగించి ఉంటే హాట్ ఎయిర్ గన్‌తో బాగా వేడి చేయండి, వదులుతుంది.

మిషన్ షాపులో ఒక మాట గట్టిగా చెప్పండి: ఇన్సర్ట్‌ని బయటి నుంచి పట్టుకుని బోర్ చేసేస్తే సరిపోదు. మీ స్పిండిల్ కొలతకి ఒక చిన్న థ్రెడ్ మ్యాండ్రిల్ (మీ స్పిండిల్ ముక్కు లాంటి కడ్డీ) అక్కడే లేత్ మీద కోసి, దాన్ని కదపకుండా దాని మీదే ఇన్సర్ట్ ఎక్కించి, వెనక ముఖం ఒక పలచటి కోత వేయాలి. అప్పుడే ఆ ముఖం థ్రెడ్‌కి కచ్చితంగా లంబంగా వస్తుంది. బోర్ రిజిస్టర్ కంటే ఒక పిసరు పెద్దదిగా ఉండొచ్చు, చిన్నదిగా మాత్రం ఉండకూడదు. వెనక ముఖం విషయంలో మాత్రం రాజీ పడొద్దు.

ముక్కు పొడవు సమస్య అయితే రింగ్ వేయాలి. షోల్డర్‌కీ చక్‌కీ మధ్య, సందు కంటే కొంచెం మందంగా ఉండే ఉక్కు రింగ్. దాని రెండు ముఖాలూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి, అంటే లేత్ మీద కోసింది కావాలి. హార్డ్‌వేర్ షాపులో దొరికే ప్రెస్ చేసిన వాషర్ వేయొద్దు, ఒక పక్క అంచు లేచి ఉంటుంది. రింగ్ వేశాక థ్రెడ్ ఎంత పొడవు పట్టుకుంటోందో లెక్కేయండి. స్పిండిల్ వ్యాసానికి కొంచెం అటూ ఇటూగా అయినా పట్టాలన్నది నేను పాటించే లెక్క. మీ స్పిండిల్‌కి 20 మి.మీ. కంటే తక్కువ పట్టు ఉంటే నేనైతే ఆ చక్ వాడను.

స్పిండిల్ ముక్కునే కాస్త కోసేద్దామా అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. వినకండి. చక్ పోతే ఇంకోటి దొరుకుతుంది, ఆ స్పిండిల్ దొరకదు.

థ్రెడ్ నిజంగా అదేనా?

25.3 మి.మీ. అంటే అది 1 ఇంచ్ స్పిండిల్ అని దాదాపు ఖాయం. 1 ఇంచ్ 25.4 మి.మీ., అరిగిన థ్రెడ్ కొంచెం తక్కువే చూపిస్తుంది. కానీ వ్యాసం ఒక్కటే చాలదు. ఇంచ్‌కి ఎన్ని చుట్లున్నాయో పిచ్ గేజ్‌తో చూడండి. గేజ్ లేకపోతే స్కేలు ఆనించి ఒక ఇంచ్ మేర శిఖరాలు లెక్కపెట్టండి. 1 ఇంచ్‌లో 8 టీపీఐ (ఇంచ్‌కి 8 చుట్లు) బాగా వాడుకలో ఉంది. మైఫోర్డ్ ఎంఎల్8 లాంటి పాత బ్రిటిష్ లేత్‌కి అదే 1 ఇంచ్‌లో 12 టీపీఐ ఉంటుంది. వ్యాసం ఒకటే అయినా ఒకదాని చక్ ఇంకోదానికి ఎక్కదు. మిగతావాటిలో మీకు తరచుగా తగిలేవి రికార్డ్ చిన్న లేత్‌ల 3/4 ఇంచ్ 16 టీపీఐ, పెద్ద లేత్‌ల 1 1/4 ఇంచ్ 8 టీపీఐ, యూరప్ లేత్‌ల ఎం33×3.5 (33 మి.మీ. వ్యాసం, 3.5 మి.మీ. పిచ్). బరువైన హారిసన్ గ్రాడ్యుయేట్‌కి 1 1/2 ఇంచ్ 6 టీపీఐ.

చక్ ఎక్కే తీరు కూడా చాలా చెబుతుంది. ఒక చుట్టు తిరక్కుండానే పట్టేస్తే పిచ్ (చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం) తేడా. రెండు మూడు చుట్లు ఎక్కి మెల్లగా బిగుసుకుంటూ పోతే పిచ్ దగ్గరదగ్గరగా ఉంది కానీ ఒకటి కాదు. ఎం33 చక్‌లోకి 1 1/4 ఇంచ్ స్పిండిల్ ఇలాగే మోసం చేస్తుంది. వ్యాసంలో 1.25 మి.మీ. తేడా వల్ల వదులుగా మొదలై, పిచ్ 3.5కీ 3.175కీ పొత్తు కుదరక ఆగిపోతుంది. "కొంచెం బలం పెడితే ఎక్కేస్తుంది" అని రెంచ్ పట్టుకునేది సరిగ్గా అక్కడే.

మీది సాఫీగా చివరిదాకా ఎక్కింది కాబట్టి పిచ్ ఒకటే. ఒక్క అనుమానం మిగులుతుంది. పాత బ్రిటిష్ 1 ఇంచ్ 8 టీపీఐ విట్‌వర్త్ థ్రెడ్ కోణం 55 డిగ్రీలు, అమెరికన్‌ది 60 డిగ్రీలు. వ్యాసం, పిచ్ రెండూ ఒకటే కాబట్టి ఒకదాని మీద ఇంకోటి ఎక్కేయొచ్చు, కానీ చుట్టు పూర్తి ముఖంతో ఆనదు. మీ లేత్ ఏ దేశానిదో తెలిస్తే కోణం ఊహించొచ్చు. పిచ్ గేజ్ రెండు రకాలదీ పెట్టి వెనక నుంచి లైటు వేసి చూస్తే ఖాయంగా తెలుస్తుంది. కోణం తేడా ఉందని తేలితే మీ చక్ కంపెనీవాళ్ల ఇన్సర్ట్ మీ థ్రెడ్‌లో దొరుకుతుందేమో చూడండి. కొన్ని కంపెనీలు థ్రెడ్ వేయని ఖాళీ ఇన్సర్ట్ కూడా అమ్ముతాయి, దాన్ని మీ స్పిండిల్‌కి కోయించుకోవచ్చు. ఒక కంపెనీ ఇన్సర్ట్ ఇంకో కంపెనీ చక్‌లో పడుతుందని మాత్రం అనుకోవద్దు.

అడాప్టర్ ఎందుకు వద్దన్నానంటే, అది చక్‌ని బేరింగ్ నుంచి ఇంకా ముందుకి జరుపుతుంది. అది ఆనాల్సిన ముఖాలు కూడా రెండు అవుతాయి, పొరపాటుకి రెండు చోట్లు. కూజా లాంటి పొడుగాటి పని చేసేటప్పుడు ఆ కాస్త దూరమే ఉలి కింద వణుకుగా తెలుస్తుంది. థ్రెడ్ అసలు కలవనప్పుడు, ఇన్సర్ట్ మార్చే వీలు లేనప్పుడు మాత్రమే అడాప్టర్.

చక్‌ని కూడా ఒకసారి చూడండి

ఫిట్టింగ్ మీద ఖర్చు పెట్టేముందు చక్ ఆ ఖర్చుకి తగిందో లేదో చూసుకోండి. జాలన్నీ మూసేయండి, నాలుగూ ఒకేసారి మధ్యలో కలవాలి. కలవకపోతే కంగారు పడక్కర్లేదు, ఎవరో విప్పి వరస తప్పి పెట్టి ఉంటారు. జా స్లైడ్‌ల మీద 1 నుంచి 4 దాకా అంకెలు ఉంటాయి, ఆ వరసలోనే ఒక్కొక్కటిగా స్క్రోల్‌కి, అంటే లోపల జాలన్నిటినీ కదిపే చుట్టల పళ్లేనికి, అందించాలి.

తర్వాత ఒక నున్నటి గుండ్రటి కడ్డీని బిగించి, ఒక్కో జాని చేత్తో ఊపండి. బిగించినా ఒకటి కదులుతుంటే స్క్రోల్ అరిగింది, లేదా స్లైడ్ పళ్లు పోయాయి. అన్నీ ఒకేలా కొద్దిగా కదిలితే పాత చక్‌కి అది మామూలే. స్క్రూల చుట్టూ, స్లైడ్ గాడి మూలల్లో వెంట్రుకంత గీతలు కనిపిస్తే అది పగులు కావొచ్చు, ఆ చక్ పక్కన పెట్టేయండి. చక్‌తో తాళం (జాలని బిగించే కీ) రాలేదంటే అది దొరుకుతుందో లేదో ముందే చూసుకోవాలి. చాలా పాత మోడళ్లకి తాళం ఉండదు, రెండు కడ్డీలతో బిగించాలి. రెండు చేతులూ వాటికే పోతాయి కాబట్టి చెక్క పట్టుకోవడానికి టెయిల్‌స్టాక్ (లేత్ రెండో కొసన ఉండే ఆధారం) సాయం కావాలి.

లోపల శుభ్రం చేశాక స్క్రోల్‌కి గ్రీజు పూయకండి. రజను దానికి అంటుకుని ముద్దవుతుంది. పొడి లూబ్రికెంట్ చాలు.

లేత్ వైపు నుంచి చూస్తే బరువు ముఖ్యం. 100 మి.మీ. చక్ రెండు మూడు కిలోలు తూగుతుంది. 1 ఇంచ్ స్పిండిల్ ఉన్న చిన్న లేత్‌కి 75 – 80 మి.మీ. చక్ హాయిగా ఉంటుంది. మీరు కొన్నది 100 అయినా పని నడుస్తుంది, కానీ ముందు స్పిండిల్ పట్టుకుని ముందుకీ వెనక్కీ, పైకీ కిందకీ ఊపి చూడండి. టక్ టక్ మని ఆడితే చక్ సంగతి తర్వాత, ముందు బేరింగ్ సంగతి చూడాలి.

ఇంకొకటి: మీ లేత్‌లో రివర్స్ ఉన్నా, మోటారు ఆపగానే గబుక్కున ఆగే బ్రేక్ ఉన్నా, చక్ దానంతట అదే విప్పుకునే ప్రమాదం ఉంది. చక్ వెనక గ్రబ్ స్క్రూ ఉంటే అది రిజిస్టర్ మీద పడేలా చూసి, కింద చిన్న ఇత్తడి ముక్క పెట్టి బిగించండి. థ్రెడ్ మీద మాత్రం పడకూడదు, పైన చెప్పిన మూడో కారణం అలా పుట్టేదే. గ్రబ్ స్క్రూ లేకపోతే రివర్స్‌లో సాండింగ్ మానేయడమే మంచిది.

మొదటిసారి తిప్పేటప్పుడు

చెక్క పెట్టకుండా, జాలు మూసి, అన్నిటికంటే తక్కువ వేగంలో తిప్పండి. పక్కకి నిలబడి, ముఖానికి షీల్డ్ పెట్టుకుని స్విచ్ వేయండి. డయల్ గేజ్ ఉంటే ముందు ఉత్త స్పిండిల్ రిజిస్టర్ మీద, తర్వాత షోల్డర్ ముఖం మీద, ఆఖరికి చక్ ఒంటి మీద పెట్టి చూడండి. స్పిండిల్ దగ్గరే ముల్లు ఆడుతుంటే చక్‌ని తిట్టి లాభం లేదు. చెక్క పనికి వాడే చక్‌కి కొద్దిపాటి రనౌట్ (ఊగుడు) పెద్ద సమస్య కూడా కాదు. చెక్కని బిగించాకే గుండ్రంగా కోస్తాం కాబట్టి అది దానికదే సరిపోతుంది. తీసి మళ్లీ పెట్టినప్పుడే తేడా కనిపిస్తుంది.

మొదటి గిన్నెకి వేగం లెక్క ఇలా వేసుకోండి: వ్యాసం ఇంచుల్లో, వేగం ఆర్‌పీఎంలో తీసుకుని రెండూ గుణిస్తే 6000 నుంచి 9000 మధ్యలో రావాలి. 8 ఇంచ్‌ల గిన్నెకి 750 నుంచి 1125. చెక్క ఇంకా గుండ్రంగా రానప్పుడు అందులో కింది అంకె కంటే కూడా తగ్గించండి. చెక్కకి వదిలే బొడిపె జాలు దాదాపు మూసుకున్న స్థితిలో పట్టేంత వ్యాసం ఉండాలి, అప్పుడే జాల వంపు చుట్టూ పూర్తిగా ఆనుతుంది. బొడిపె కొస చక్ అడుక్కి తగలకూడదు. ఇక్కడ కూడా షోల్డర్ సూత్రమే, చెక్క భుజం జాల ముఖానికి ఆనాలి.

ఒకసారి సరిగ్గా ఆనడం మొదలయ్యాక చక్ పట్టేసి ఊడిరావడం లేదని తర్వాత మీరే అడుగుతారు, అందుకే ఇప్పుడే చెబుతున్నాను. షోల్డర్‌కీ చక్‌కీ మధ్య పలచటి ప్లాస్టిక్ వాషర్ వేస్తే పట్టేయదు, దాని మందం చుట్టూ ఒకేలా ఉంటే చాలు. పట్టేసినప్పుడు ఇండెక్స్ పిన్ను (స్పిండిల్‌ని తిరగకుండా ఆపే పిన్ను) వేసి గుంజకండి, పిన్ను విరుగుతుంది లేదా కప్పీ రంధ్రం పగులుతుంది. జాల మధ్య ఒక పొడుగాటి కర్ర బిగించి, రెండో చేత్తో బెల్టు కప్పీని గట్టిగా పట్టుకుని, కర్రని మీ వైపు ఒక్క కుదుపు కుదపండి. మెల్లగా ఒత్తే కంటే ఆ కుదుపుకే వదులుతుంది.